టోపీ కింద తడి

“ఎలకే. నా ముక్కు నాతో అబద్ధం చెప్పదు,” అంది మిస్ ఐయోనీ, చేతికర్రతో సోఫా కాలి మీద టక్కుటక్కుమని కొడుతూ. “ఇది కూడా వరండాలోకి లాగండి.”

“నిన్న లాగాం. సాయంత్రం మళ్ళీ లోపల పెట్టాం,” అంది డెస్రీన్.

“నిన్న దీని వెనకాల చూళ్ళేదు.”

“దీని వెనకాల గోడ ఉంది, మిస్ ఐయోనీ.”

“అయితే గోడలో చచ్చింది.”

అత్తగారితో వాదించి గెలిచిన రోజు డెస్రీన్ జీవితంలో ఒక్కటీ లేదు. సోఫా ఒక కొస తను పట్టుకుంది. రెండో కొస కూతురు కెజీయా పట్టుకుంది.

కొండ మీద తొమ్మిది రోజులుగా వాన. కింద రియో గ్రాండే నది కనబడటం మానేసి వారమైంది. దాని చప్పుడు మాత్రం, ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు, మబ్బులోంచి పైకి వస్తోంది. ఇంట్లో ఏదీ ఆరడం లేదు. తువ్వాళ్ళు, దిండ్లు, అగ్గిపెట్టె, మిస్ ఐయోనీ చర్చి టోపీకి గుచ్చిన కాగితం పూలు, అన్నీ మెత్తబడిపోయాయి. ఆ మెత్తదనం లోపల ఎక్కడో ఈ వాసన. మూలన పడేసిన తడి గోనెసంచి లాంటి వాసన, కాస్త తియ్యగా కూడా.

“నానమ్మా, చచ్చిన ఎలక వచ్చి పోతూ ఉంటుందా?” అంది కెజీయా. “పొద్దున్న ఉంది. తొమ్మిదింటికి లేదు. ఇప్పుడు మళ్ళీ వస్తోంది.”

“చచ్చినవాటి సంగతి నీకేం తెలుసు? సోమవారం ఆ నర్సుల బడికి పోతున్నావుగా, అక్కడ నేర్చుకో.”

“నా కత్తెర కనబడితే చెప్పండి,” అంది డెస్రీన్, సోఫా ఉన్న చోట నేల మీదికి వంగి చూస్తూ. “ఎలక కన్నా ముందు పోయింది అది.”

మిస్ ఐయోనీ కర్ర టక్కుమనడం మానేసింది. కత్తెర మాట వచ్చినప్పుడల్లా ఆ ఇల్లు కాసేపు ఇలాగే అయిపోతుంది. రెండు నెలల కిందట ఆ కత్తెరతోనే కెజీయా పెరటి మెట్ల మీద కూర్చుని, ఆరేళ్ళ వయసు నుంచి పెంచిన జటలన్నిటినీ ఒక్కొక్కటే కత్తిరించుకుంది. ఆమెకిప్పుడు పంతొమ్మిది. ఆ సాయంత్రం నుంచి వాళ్ళ నాన్న ఆమెతో మాట్లాడలేదు.

ఆ నాన్న, రాస్ ఆమోస్, అప్పుడే పెండలం తోటలోంచి వచ్చి వరండా మెట్ల మీద కాళ్ళ బురద కడుక్కుంటున్నాడు. జుట్టు కత్తిరించకూడదన్న రాస్తా మత నియమం ప్రకారం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కత్తి చూడని అతని జుట్టంతా పెద్ద అల్లిక టోపీ లోపల చుట్ట చుట్టి ఉంది. ఆ టోపీ వల్ల గుమ్మాల్లోంచి వచ్చేటప్పుడు తల వంచి రావడం అతనికి అలవాటు. తెలియనివాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

“అమ్మా,” అన్నాడు, “ఆ అమ్మాయితో చెప్పు, నా డోలు కదపొద్దని.”

కెజీయా అతనికి రెండడుగుల దూరంలో ఉంది.

“డోలు కదపొద్దట,” అంది మిస్ ఐయోనీ.

“సోఫా ఇక్కడ పట్టాలంటే డోలు జరపాలని చెప్పు నానమ్మా.”

“జరపాలట.”

“జల్లు కొడితే తోలు తడుస్తుందని చెప్పు.”

“తడు... ఏమర్రా, నేనేమన్నా పోస్టాఫీసునా? ఇంకాసేపుంటే స్టాంపులు కూడా నన్నే నాకమంటారు!”

ఆలోగా కెజీయా డోలు ఎత్తేసింది. లోపల ఏదో ఇనుము కర్రకి తగిలినట్టు చిన్నగా మోగింది. ఆమోస్ ఒక్క అంగలో వచ్చి డోలు అందుకున్నాడు. ఆమె వేళ్ళకి తన వేళ్ళు తగలకుండా జాగ్రత్తగా అందుకుని రెండు చేతులతో గుండెకి ఆనించుకున్నాడు.

రెండు నెలల్లో తండ్రికి అంత దగ్గరగా ఆమె నిలబడటం అదే మొదటిసారి.

కెజీయా ఊపిరి పీల్చి, అలాగే ఆగిపోయింది. తరవాత నెమ్మదిగా తల తిప్పి వాళ్ళమ్మ వంక చూసింది.

డెస్రీన్ నేల మీద లేని దాన్నేదో ఏరడానికి వంగింది.

వంటింట్లో పొయ్యి మీద సీమపనసకాయ కాలుతోంది. నల్లబడిన తొక్క పగిలి, సన్నగా ఆవిరి వస్తోంది. కెజీయా తలుపు దగ్గరగా వేసింది.

“నీకు తెలుసు.”

డెస్రీన్ కాయని పక్కకి తిప్పింది.

“అమ్మా, నీకు తెలుసు. ఎలక కోసం మూడు రోజులుగా మా చేత సోఫాలు మోయిస్తున్నావు.”

“మోయిస్తున్నది మీ నానమ్మ.”

“ఎప్పటి నుంచి?”

“రెండు వారాల నుంచి.” డెస్రీన్ గొంతు తగ్గింది. “మొదట దుప్పట్లేమో అనుకున్నాను. ఉతికాను. దిండు అనుకున్నాను. తరవాత ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.”

“తల తడిగా ఉండగానే టోపీ పెట్టేస్తున్నాడు.”

“ఆయనకి తెలీదా? ఊళ్ళో పిల్లలందరికీ చెప్పేది ఆయనే కదా. కుదురు ఆరాలి, నడుం ఆరాలి, కొస ఆరాలి, అప్పుడే టోపీ అని.”

“తెలిసీ ఎందుకు?”

“ఎలా ఆరతాయే? పిక్కల దాకా జుట్టు. తడిస్తే రాళ్ళ మూట. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు పిండాలి. ఎండలో పరవాలి. ఎండ ఏది? పట్టుకునేవాళ్ళేరీ?”

పట్టుకునేవాళ్ళు ఎదురుగానే ఉన్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇరవై రెండేళ్ళు, మూడు వారాలకొకసారి, ఆ తల కడిగిందీ ఆరబెట్టిందీ కుదుళ్ళు మెలిపెట్టిందీ డెస్రీనే. కెజీయా పుట్టిన నెల మాత్రం ఆ పని మిస్ ఐయోనీ చేసింది. తను చర్చి మనిషినన్న సంగతి దేవుడికి గట్టిగా గుర్తుచేస్తూ, క్షమాపణలు చెప్పుకుంటూ చేసింది.

రెండు నెలల కిందట, కూతురి నున్నటి తల చూసి ఆమోస్ భోజనం ముందు నుంచి లేచి వెళ్ళిపోయిన రోజు, డెస్రీన్ అందరూ వింటుండగా అంది, “ఆ పిల్ల తల మీద నువ్వు చెయ్యి పెట్టిన రోజు, నీ తల మీద నేను చెయ్యి పెడతాను. అప్పటిదాకా నీ తల నువ్వే చూసుకో.”

అన్న మాట అన్నంత తేలిక కాదని ఆమెకి వారంలోపే తెలిసింది. ఆయన పక్కనుంచి వెళ్తుంటే చేతులు వాటంతటవే లేస్తాయి. తలగుడ్డ ముడిలోకో గౌను జేబుల్లోకో తోసేసుకోవాలి.

“నా కోసమని పంతం పట్టావు,” అంది కెజీయా. “ఆ పంతానికి ఆయన తల కుళ్ళుతోంది.”

“నీ కోసం కాకపోతే ఎవరి కోసం పట్టాలి? సోమవారం పొద్దున్న నువ్వు బస్సెక్కుతావు. కన్నతండ్రి ఒక్క మాట అనకుండా, తల మీద చెయ్యి పెట్టకుండా ఎక్కుతావు. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఈ కొండ ఎక్కుతుందా?”

“ఎక్కుతాను.”

“నాకు తెలీదు.”

కెజీయా అరచేత్తో తల రాసుకుంది. బొటనవేలి గోరంత జుట్టు పెరిగింది. నానమ్మ తన ఇనప దువ్వెన వేడి చేసి సాపు చేస్తానంటే వద్దంది. వాళ్ళమ్మ కలబంద తెస్తే అదీ వద్దంది.

“నేనెందుకు కత్తిరించుకున్నానో ఆయన అడగలేదు, సరే. నువ్వు కూడా అడగలేదమ్మా.”

డెస్రీన్ కాయని మంటలోంచి తీసి పళ్ళెంలో పెట్టింది. చెయ్యి కాలినా తెలియలేదు.

“భయమేసింది,” అంది చివరికి. “చెప్తావేమోనని.”

కూతురు వెళ్ళిపోయాక డెస్రీన్ కిటికీ పక్కన కూర్చుని కాయ తొక్క తీస్తూ ఉండిపోయింది. వాన సన్నబడింది. మబ్బు అరటి తోటలోంచి నడిచివచ్చి, పెరట్లో ఉన్న చదునైన నల్లరాయి దగ్గర ఆగింది.

ఆ రాయి మీదే అంతా జరిగింది.

ఆరేళ్ళ కెజీయా ఆ రాయి మీద తండ్రి మోకాళ్ళ మధ్య కూర్చుంది. ఆమోస్ ఆకు ఈనెతో ఆమె జుట్టుని చిన్న చిన్న మడులుగా విడదీశాడు. పెండలం నాటేటప్పుడు కూడా అంత వరసగా తీయడు. ఒక్కో మడిలో జుట్టుని కలబంద గుజ్జు రాసి వేలి చుట్టూ ఒకే వైపు తిప్పాడు. సాయంత్రానికి పిల్ల తల నిండా మిరియాల్లాంటి మొలకలు.

“ఇవి ఎప్పుడు పెద్దవవుతాయి నాన్నా?”

“నువ్వు వాటి సంగతి మర్చిపోయినప్పుడు.”

మర్చిపోనిస్తేనా! నెల రోజులు గట్టిగా కడగకూడదన్నారు. మూడో నెలకి మెలికలు వదులై, పైనంతా నూగు లేచి, మిస్ ఐయోనీ మాటల్లో, వానలో తడిసిన కోడిపిల్ల అయింది. ఏడాది తిరిగేసరికి మొలకల లోపల ఉండలు కట్టాయి. పొడుగవ్వాల్సింది పోయి పొట్టివయ్యాయి. ఒకటి తూర్పుకి చూస్తే ఒకటి పడమరకి చూసేది. ప్రతి స్నానం తరవాతా పక్కపక్కవి చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకటైపోకుండా ఆమోస్ కుదుళ్ళ దగ్గర ఒక్కొక్కదాన్నీ మెల్లగా లాగి విడదీసేవాడు. లాగినప్పుడల్లా పిల్ల “ఆ” అనేది. ఆయన కూడా “ఆ” అనేవాడు.

“నీకెందుకు నాన్నా నొప్పి?”

“తెలీదు. వస్తోంది.”

మూడో ఏడు దాటాక అవి తమ బరువుకి తామే కిందికి దిగాయి. నూగంతా లోపలికి పోయి, గట్టిపడి, పేనిన తాడులా అయ్యాయి. అప్పటిదాకా నూనె రాసి ఓపిగ్గా విప్పితే వచ్చేవి. ఆ తరవాత దువ్వెనకీ నూనెకీ లొంగవు. కత్తి ఒక్కటే దారి.

విప్పడానికి వీలున్న ఆ మూడేళ్ళలో, ఉంచమంటావా అని పిల్లని ఎవరూ అడగలేదు. ఈ సంగతి డెస్రీన్‌కి ఇప్పుడు తడుతోంది, చేతిలో కాయ చల్లారిపోయాక.

ఆమోస్ జటల్ని ఆమె కింద నుంచి పైకి చదవగలదు. పిక్కల దగ్గర ఎండకి ఎర్రబడిన సన్నటి కొసలు తను ఎరగని ఆమోస్‌వి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు అలాంటి మొలకలతో ఇంటికొస్తే, మిస్ ఐయోనీ పొయ్యి మీది ఇనప దువ్వెన పట్టుకుని అర మైలు తరిమిందట. వాటి పైన, మోకాళ్ళ వెనక, తామిద్దరూ కలిసిన ఏడు. ఆ పైన తుఫానులో ఇంటి కప్పు ఎగిరిపోయిన ఏడు. అక్కడ ప్రతి జటా కొంచెం సన్నగా ఉంటుంది, ఆ ఏడు తిండి సరిగా లేదు. నడుం దగ్గర, మెడ వెనక నుంచి దిగే లావుపాటి జటలో, ఒక ఎర్ర దారం. ఏడేళ్ళ కెజీయా ఆటకి కట్టింది. విప్పొద్దన్నాడు. జట దాన్ని మెల్లగా మింగేసింది.

భుజాలు, మెడ, కుదురు. కుదురు దగ్గర ఈ రెండు నెలలు. అవి మాత్రం ఆమె చదవలేదు.

కిటికీ అవతల నల్లరాయి మీద ఏదో మెరిసింది. డెస్రీన్ లేచి చూసింది.

ఎండ!

కెజీయా అప్పటికే రెండు బిందెల వేన్నీళ్ళతో పెరట్లో ఉంది. ఒకదాంట్లో వంటసోడా కలిపింది. రెండోదాంట్లో వెనిగర్ పోసి, రోజ్‌మేరీ రెమ్మలు వేసింది. రాయిని గుడ్డతో తుడిచింది. తరవాత వరండాలోకి వెళ్ళి, డోలు పక్కన కూర్చున్న తండ్రి ముందు నిలబడింది.

“తల కడుగుతాను, రండి.”

ఆమోస్ నది వైపు చూశాడు. “అమ్మా, ఆ అమ్మాయితో చెప్పు, నా తల బాగానే ఉందని.”

మిస్ ఐయోనీ బైబిలు మూసింది. ముక్కు ఎగబీల్చింది. కొడుకు వంకా టోపీ వంకా మార్చి మార్చి చూసింది. మూడు రోజులుగా ఇల్లంతా తిరిగిన ఆ ముసలి ముక్కుకి దారి దొరికింది.

“చెప్పను,” అంది.

“అమ్మా...”

“నా నోరు మూతపడింది. ఏం చెప్పుకోవాలన్నా మీరే చెప్పుకోండి. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకెన్నాళ్ళు మొయ్యను మీ మాటలు?”

ఇంక మధ్యలో ఎవరూ లేరు. ఆమోస్ లేచి వెళ్ళలేదు.

కెజీయా చెయ్యి చాచి టోపీ అంచు పట్టుకుంది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా. రేకు చూరు నుంచి నీటిబొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. పది బొట్లు పడ్డాయో ఇరవై పడ్డాయో, ఆయన వేళ్ళు వదులయ్యాయి.

లేచి వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు.

టోపీ తీయగానే వాసన పెరడంతా పాకింది. చుట్టలు చుట్టలుగా జటలు భుజాల మీదికి జారాయి. కెజీయా వాటి మధ్యలోకి వేళ్ళు పోనిచ్చి, ఒక్కసారి ఆపేసింది. మెడ వెనకాల, లావుపాటి జటకి ఆనుకుని, ఏదో గుడ్డ మూట. బయటికి లాగింది. పాత చొక్కా ముక్క, నీళ్ళు కారుతోంది. ముడి విప్పింది.

లోపల జటలు. సన్నవి, నల్లవి, ఒక్కో కొసకీ గవ్వ గుచ్చినవి.

ఆ గవ్వలు ఆమె స్వయంగా గుచ్చుకున్నవే.

వంటింటి గుమ్మంలో డెస్రీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ జుట్టుని అరటి మొదట్లో పాతిపెడతానని ఆరోజు ఆయనే పట్టుకెళ్ళాడు. పరాయివాళ్ళ చేతిలో పడకూడదని రాస్తాలు ఎవరైనా అలాగే చేస్తారు. గుంట తవ్వాడు కూడా. పార చప్పుడు ఆమె విన్నది.

మిస్ ఐయోనీ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కెజీయా భుజం మీంచి తొంగి చూసింది.

“దొరికింది ఎలక,” అంది. కానీ చాలా మెల్లగా అంది, ఎవరినీ నవ్వించడానికి కాదు.

“ఇది మీ తల మీద ఎన్నాళ్ళ నుంచి ఉంది?” అంది కెజీయా.

ఆమోస్ తన మోకాళ్ళతో చెప్పినట్టు చెప్పాడు. “గుంట తవ్వాను. పెట్టబోతే చెయ్యి రాలేదు. కాసేపు టోపీలో ఉంచి తరవాత పాతిపెడదామనుకున్నాను. వాన పట్టుకుంది.”

“రెండు నెలలా వాన?”

ఆయన రాయి అంచున ఉన్న నాచుని బొటనవేలితో గీకాడు.

“నాతో మాట్లాడరు. నా జుట్టుని మాత్రం నెత్తిన పెట్టుకు తిరుగుతారు.”

“ఆ బడివాళ్ళు కత్తిరించమన్నారంటే,” అన్నాడు ఆమోస్, ఇంకా నేలనే చూస్తూ, “వెళ్ళి వాళ్ళతో పోట్లాడేవాణ్ణి. వాళ్ళ గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఎవరూ అనలేదు. తనంతట తనే తీసేసుకుంది. ఇంక నేనెవరితో పోట్లాడను?”

కెజీయా వేన్నీళ్ళు ముంచి ఆయన తల మీద పోసింది. చాలాసేపు నీళ్ళు పోస్తూనే ఉంది. నల్లటి నీళ్ళు, తరవాత మట్టిరంగు నీళ్ళు, రాయి అంచు దాటి గడ్డిలోకి పోయాయి. సోడా నీళ్ళలో, తరవాత రోజ్‌మేరీ నీళ్ళలో ఒక్కో జటనీ ముంచి, పాలు పితికినట్టు పై నుంచి కిందికి పిండింది. ఎక్కడ నేర్చుకుందో ఎవరూ అడగలేదు. పదమూడేళ్ళు ఆ రాయి మీద కూర్చుని నేర్చుకుంది.

పిండుతూనే చెప్పింది, ఎవరితో అన్నట్టు కాకుండా.

“ఆరేళ్ళప్పుడు మీ మోకాళ్ళ మధ్య నిద్రపోయాను. లేచేసరికి జటలున్నాయి. నాకిష్టమే. ఎప్పుడూ ఇష్టమే. కానీ అవి మీవి నాన్నా. మీ వేళ్ళు తిప్పినవి. అద్దంలో చూసుకున్నప్పుడల్లా మీరు కనబడేవారు. నేనెక్కడ మొదలవుతానో ఒక్కసారి చూసుకుందామనుకున్నాను. అంతే. మీ మీద కోపం కాదు.”

డెస్రీన్ గుమ్మం దాటి ఒక మెట్టు దిగింది. చేతిలో పొడి గుడ్డ ఉంది. అక్కడే ఆగిపోయింది.

ఆమోస్ కళ్ళు మూసుకున్నాడు. మొహం మీద కారేది రోజ్‌మేరీ నీళ్ళో మరొకటో చెప్పడం కష్టం.

కెజీయా చేతులు మెడ వెనక లావుపాటి జట దగ్గరికి వచ్చి ఆగాయి. రెండు వేళ్ళతో నొక్కింది. మళ్ళీ నొక్కింది. గట్టిగా ఉండాల్సిన జట నానిన కొబ్బరిపీచులా లోపలికి పోయింది. భుజం దగ్గర నుంచి మూరెడు మేర అలాగే ఉంది. విడదీసి చూస్తే నడిమధ్యలో బూడిదరంగు బూజు, దాని కిందగా, వెలిసిపోయిన ఎర్ర దారం కొస.

“అమ్మా, ఇలా రా. చూడు.”

డెస్రీన్ దగ్గరికి వచ్చి చూసింది. ముట్టుకోలేదు. చూస్తే చాలు ఆమెకి.

“ఎండబెడితే పోదా?” అంది మిస్ ఐయోనీ.

“మిగతావి బాగవుతాయి,” అంది కెజీయా. “ఇంకోసారి కడిగి, రెండు వారాలు టోపీ లేకుండా ఎండకి వదిలేస్తే చాలు. ఇది కాదు. ఇది లోపల చచ్చిపోయింది. ఉంచితే పక్కవాటికి పాకుతుంది. మాడు మీద పుండు పడుతుంది.”

“అంటే?” అంది ముసలావిడ. ఆవిడకి తెలుసు. అయినా ఎవరో ఒకరు పైకి అనాలి.

ఎవరూ అనలేదు.

శనివారం పెద్ద సభ. ఏడాదికొకసారి కొండల మీది రాస్తాలంతా దిగివచ్చే సభ. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ మొదటి దెబ్బ వేసేది ఆమోస్ డోలు. తల మీద కత్తి పడినవాడు ఆ డోలు వెనక కూర్చోకూడదు. జబ్బుకైనా సరే, ఒక్క జటకైనా సరే. ఆమోస్‌కి ముందు ఆ పీట మీద కూర్చున్న ముసలాయన, తల మీది కంతి కోయించుకోవడానికని జుట్టు తీయించుకుని వచ్చి, చివరి వరసలో నిలబడి చప్పట్లు కొట్టిన రోజు అందరికీ గుర్తుంది. ఆరోజు ఆయన్ని పీట మీంచి లేపి పంపించిన వాళ్ళలో ఆమోస్ ఉన్నాడు.

“ముందు తినండి,” అంది డెస్రీన్. ఆమెకి తోచింది అదొక్కటే.

రాయి చుట్టూనే తిన్నారు. సీమపనస ముక్కలు, తోటకూర లాంటి కలలూ ఆకు కూర, కొబ్బరిపాలు. రాస్తాల పద్ధతి ప్రకారం ఆమోస్ ఇంటి వంటలో ఉప్పు ఉండదు. మిస్ ఐయోనీ తన జేబులోంచి చిన్న పొట్లం తీసి, ఎప్పటిలాగే ఎవరూ చూడటం లేదనుకుని చల్లుకుంది.

ఎండ గట్టిపడింది. మబ్బు కిందికి దిగిపోయి, నది ఒక్క వంపు కనబడింది. ఆమోస్ వెనక్కి వాలి కూర్చుంటే జటలన్నీ రాయి మీద నలువైపులా పరుచుకున్నాయి. వాటి నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో కూర్చున్న మనిషి, కొండ మీద తెల్లవారినప్పుడు కనబడే చెట్టులా, ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. ఆ పక్కనే, విడిగా, గుడ్డ మీద కెజీయా జటలు ఆరుతున్నాయి. గవ్వలు మెరుస్తున్నాయి.

డెస్రీన్ పొడి గుడ్డని ఒళ్ళో పెట్టుకుని, మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

“అమ్మా,” అన్నాడు ఆమోస్.

“చెప్పనన్నానుగా,” అంది మిస్ ఐయోనీ.

“ఒక్క నీతోనే కాదు. అందరికీ చెప్తున్నాను.”

గొంతు పెంచలేదు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. ఆయన కళ్ళు తన కుడిచేతి మీద ఉన్నాయి. ఆ చెయ్యి మోకాలి మీద ఉంది, వేళ్ళు విప్పి. దానికి జానెడు దూరంలో కెజీయా తల.

“రేపు పొద్దున్న ఎండ వస్తే ఈ వెనక జట తీసేయండి. సభకి వస్తాను, చివరి వరసలో నిలబడతాను. డోలు నా పక్కన వాయించే నాఫ్తాలి పడతాడు, సాయంత్రం వెళ్ళి నేనే చెప్పొస్తాను. సోమవారం బస్సు దాకా నేనూ వస్తాను. టోపీ లేకుండానే.”

డెస్రీన్ చేతిలో గుడ్డ కదలడం మానేసింది.

“తీసేదెవరు?” అంది. “నేనైతే...” అని, ఆ పైన అనలేకపోయింది. ఆమె అన్న మాట ఇంకా అలాగే ఉంది. ఆయన చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది.

“కత్తెర కోసం ఇల్లంతా వెతక్కండి,” అన్నాడు ఆమోస్. “డోలు లోపల ఉంది. నేనే దాచాను. వెళ్ళి తీసుకురా, కెజీయా.”

మిస్ ఐయోనీ అలవాటు కొద్దీ మనవరాలి వైపు తిరిగి నోరు తెరిచింది. అందించాల్సిన మాటేమీ మిగల్లేదని తెలిసి, మెల్లగా మూసుకుంది.